పుప్పొడి గదిలో ఒంటి తుమ్ము

కాటన్‌పేట, బెంగళూరు
9 ఆగస్టు 1998

చిరంజీవి చైత్రకు,

మామ గోపాలప్ప దీవెనలు. ఇక్కడ మీ అత్త శాంతమ్మ బాగుంది, ఇల్లు బాగుంది, నా ముక్కు ఒక్కటే బాగోలేదు. వానలు పడ్డాయి. ఈ ఊళ్ళో ఖాళీ సైటు ఎక్కడుంటే అక్కడ కాంగ్రెస్ గిడ, అదే అక్కడివాళ్ళు వయ్యారిభామ అనే కలుపుమొక్క, తెల్లపూలు వేసుకుని నిలబడింది. దాని పుప్పొడి గాల్లోకి లేచిన రోజు నుంచి దీపావళి దాటేదాకా నా ముక్కు నా మాట వినదు. చదువుకోడానికి మా ఇంట్లో ఉన్న ఐదేళ్ళూ నువ్వు చూసిందే.

మన వీధిలో నా తుమ్ములకున్న గౌరవం కూడా నీకు తెలుసు. ఎవరైనా పనిమీద గడప దాటుతుంటే నేను ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, ఆగిపోతారు. ఒంటి తుమ్ము అపశకునం కదా. "ఇంకొకటి తుమ్మప్పా, బస్సు పోతాండాది" అని నన్నే బతిమాలుతారు. జంట తుమ్ము పడగానే నవ్వుకుంటూ వెళ్తారు. నీ పీయూసీ పరీక్ష రోజు నిన్ను పది నిమిషాలు గుమ్మంలో నిలబెట్టింది నా ఒంటి తుమ్మే. నీకు ఫస్టు క్లాసు వచ్చిందంటే అందులో నా వాటా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవయ్యారేళ్ళుగా నేను ఈ ఊదుబత్తి కార్ఖానాలో మసాలా కలుపుతున్నాను. ఏ పొడి ఎంత పడాలో తక్కెడ చెప్పేది సగం, నా ముక్కు చెప్పేది సగం. దసరాకి, దీపావళికి సరుకు పోవాల్సిన మూడు నెలలే నా ముక్కు కుళాయిలా కారుతుంది. పాత మాత్ర వేసుకుంటే కారడం ఆగుతుంది కానీ నిద్ర ముంచుకొస్తుంది. పోయినేడు మసాలా పళ్ళెంలో తల పెట్టుకుని పడుకున్నాను. సావుకారు బాలరాజు మంచివాడు, అయినా మొన్న పిలిచి చెప్పేశాడు. "గోపాలప్పా, ఈ కార్ఖానా నీ ముక్కు మీద నిలబడి ఉండాది. అదే తుమ్మితే ఊడే ముక్కయితే నేనేం చేసేదప్పా? మైసూరు నుంచి మంజునాథ్‌ను పిలిపిస్తాండా. నీకు కుదరకుంటే ప్యాకింగులో కూర్చో." నేను ప్యాకింగులో కూర్చుని అట్టపెట్టెలకు గోందు బంక రాయాలట. నేను.

నిన్న పేపర్లో ఒక ప్రకటన చూశాను. అత్తిబెలె దారిలో మందుల కంపెనీ ఒకటి కొత్త మాత్రను పరీక్ష చేస్తుందట. నిద్ర రాదట. కాంగ్రెస్ గిడ పడనివాళ్ళు కావాలట. కింద చిన్న అక్షరాల్లో చూస్తే అది మీ కంపెనీయే. పేరు ఇచ్చేశాను. నువ్వు హైదరాబాదు ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయివి, నాకు మంచి మాత్ర పడేట్టు ఒక మాట చెప్పు.

నీ మామ,
గోపాలప్ప

*

హైదరాబాదు
17 ఆగస్టు 1998

మామకు నమస్కారాలు. అత్తను అడిగానని చెప్పు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను, తర్వాత భయపడ్డాను. మంచి మాత్ర అని ఒకటి పక్కకు తీసి పెట్టేది ఇక్కడ ఉండదు. నీకు రెండు రోజులు రమ్మని చెప్తారు. ఒక రోజు మందు, ఒక రోజు అచ్చం అలాగే ఉండే సుద్ద మాత్ర. ఏ రోజు ఏది ఇచ్చారో నీకు తెలియదు, ఇచ్చే నర్సుకు తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే మనసు మోసం చేస్తుంది.

గది గురించి చెప్తాను, బెదిరిపోకు. సర్జాపుర వైపు పొలాల్లో కాంగ్రెస్ గిడ పుప్పొడి సేకరించి పెట్టారు. అద్దాల గదిలోకి దాన్ని ఫ్యాన్లతో కొలత ప్రకారం వదులుతారు. బయట ఒకరోజు గాలి వీస్తుంది, ఒకరోజు వాన పడుతుంది, ఎవరి ముక్కులోకి ఎంత పోయిందో తేల్చలేం. ఆ గదిలో అందరికీ ఒకటే మోతాదు. ముక్కులు కారడం మొదలయ్యాక గంట కొట్టి మాత్ర ఇస్తారు. అక్కడి నుంచి ప్రతి పావుగంటకు మీ బాధ ఎంతుందో సున్నా నుంచి మూడు లోపల కార్డు మీద రాయాలి. మాత్ర గంటలోపు పనిచేసి చూపించాలి. చూపించకపోతే కంపెనీ దాన్ని పక్కన పడేస్తుంది. బయట డాక్టరు ఉంటారు కాబట్టి ఉబ్బసం లాంటిదేమైనా వస్తే వెంటనే తీసుకొస్తారు.

ఒక్క మాట, మామా. అక్కడ నా పేరు ఎత్తకు.

ఉంటాను,
చైత్ర

*

కాటన్‌పేట
24 సెప్టెంబరు 1998

చిరంజీవి చైత్రకు దీవెనలు.

నీ పేరు ఎత్తలేదు. రెండు రోజులూ పూర్తిచేసి వచ్చాను. మొత్తం పద్నాలుగు మందిమి, అందరం మన పేటవాళ్ళమే. నేనే పోగుచేశాను. వక్కల కొట్టు పెద్దమునియప్ప, పూలమ్మే సుంకమ్మ, ఇంకా నీకు తెలియనివాళ్ళు. పొద్దున్నే వ్యాను వచ్చి ఎలక్ట్రానిక్ సిటీ దాటించి తీసుకెళ్ళింది. పెద్దమునియప్ప కిటికీలోంచి ఆ బిల్డింగులన్నీ చూసి, "ఇక్కడ మా నాయన రాగులు వేసినాడప్పా" అని దారంతా చెప్తూనే ఉన్నాడు.

అక్కడ మా బట్టలు విప్పించి కాగితం బట్టలు తొడిగారు. సెంటు, నూనె, నశ్యం ఏదీ వద్దన్నారు. నా ఒంటి మీది మసాలా వాసన పోవడానికి మూడుసార్లు స్నానం చేయించారు. గది శుభ్రంగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి, టీవీ ఉంది. పావుగంట ఏమీ లేదు. ఇదేం పుప్పొడి అనుకున్నాను. తర్వాత చూడు, కళ్ళు, ముక్కు, చెవుల లోపల, గొంతులో, అంతటా దురద. పద్నాలుగు మంది తుమ్ములకు ఆ అద్దాలు పగలకపోవడం కంపెనీవాళ్ళ పనితనం.

నాకు బాగా నచ్చిందేమిటంటే, మేం ముక్కు చీదిన కాగితాలను సంచిలో వేయించుకుని తక్కెడలో తూచారు. ఎవరిది ఎంత కారిందో గ్రాముల్లో రాసుకున్నారు. అసహ్యపడకు. తూచి పనిచేసేవాళ్ళంటే నాకు మర్యాద.

మాత్ర సంగతి. మొదటి రోజుది మందు, రెండో రోజుది సుద్ద. ఎవరూ చెప్పలేదు, నా ముక్కు చెప్పింది. మొదటి రోజు అందరం పద్ధతిగా, మంచి గడియ చూసుకుని మాత్ర వేసుకున్నాం. గొంతు దిగిన గంటలోపల ముక్కు కారడం ఆగింది. తుమ్ము ఆగింది. అద్దం అవతలి నుంచి నర్సు వనజమ్మ తలుపు తీసుకుని లోపలికి వస్తే మాకు వాసనలు వద్దని తను జడలో పెట్టుకున్న సంపెంగ వాసన తెలిసింది. నిద్ర రాలేదు. రెండో రోజు మాత్రం సాయంత్రం దాకా తువ్వాలు తడుపుతూనే ఉన్నాను.

ఈ మాత్ర అంగట్లోకి వస్తే మసాలా కలిపే నా గరిటె నాదే. సావుకారుతో అప్పుడే చెప్పేశాను.

మీ మామ

*

హైదరాబాదు
30 అక్టోబరు 1998

మామా,

దీపావళికి పంపిన ఊదుబత్తులు అందాయి. నువ్వు కలిపినవి కావని వెలిగించగానే తెలిసింది. మంజునాథ్ వచ్చేశాడా?

నాకు మనసు బాగోలేదు. మాత్ర ఓడిపోయింది. గంటలో పనిచేయాలన్నారు కదా, కార్డుల ప్రకారం గంటా పావు పట్టింది. నిన్న ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. మార్చి దాకా చూసి ఈ మాత్రను వదిలేస్తారట. నేను వారం రోజులు ఆ లెక్కల మీదే పడున్నాను. ముక్కు చీదిన కాగితాల బరువు చూస్తే మందు బాగానే పనిచేసింది, ఆలస్యంగా పనిచేసింది. అంత ఆలస్యం ఎందుకో అర్థం కావడం లేదు. రక్తంలోకి మందు నలభై నిమిషాల్లో చేరుతుందని ముందే చూశారు.

బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు కార్డులు శ్రద్ధగా నింపి ఉండరని మా డాక్టరుగారు అంటున్నారు. నువ్వు రాసినవి సరిగ్గానే రాశావా, మామా? గుర్తుచేసుకుని చెప్పు. ఆ లెక్కలు పనికిరావని తేల్చేస్తే కనీసం మాత్ర మీద నింద పోతుంది.

చైత్ర

*

కాటన్‌పేట
5 నవంబరు 1998

చైత్రకు,

నా లెక్కలు పనికిరావా. ఇరవయ్యారేళ్ళు చిటికెడు పొడి తేడా రాకుండా కలిపినవాణ్ణి, సున్నా నుంచి మూడు దాకా రాయడం రాదా. మీ డాక్టరుగారిని ఒకసారి మా బల్ల దగ్గరికి రమ్మను. నాకు చాలా కోపంగా ఉంది, దాచుకోను.

అసలు తప్పు నాది. నా పేరు ఎత్తకు అన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది. బొగ్గుపొడి చేతుల మామ ఉన్నాడని చెప్పుకోడానికి నామోషీ అయితే సరే. కంపెనీలో బంధువులున్నారా అని ఫారంలో ఒక గడి ఉంటే లేరు అని రాసి ఇచ్చాను. అది విని మీ అత్త ఈ రోజు భోజనం చేయలేదు.

నువ్వు అడిగావు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను. మొదటి రోజు వనజమ్మ తలా ఒక గిన్నెలో మాత్ర, గ్లాసులో నీళ్ళు ఇచ్చి, "గంట కొట్టగానే వేసుకోండి" అని చెప్పి, గంట కొట్టి, గడియారం చూసి రాసుకుని అద్దం అవతలికి వెళ్ళిపోయింది. ఆమెకూ ఆ పుప్పొడి పడదు పాపం. గంట మోగిన క్షణాన గది నిశ్శబ్దంగా ఉంది. అంతవరకూ వరసగా తుమ్మినవాళ్ళం మాత్ర వస్తుందని ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడు సుంకమ్మ ఒక్క తుమ్ము తుమ్మింది. ఒకే ఒక్కటి.

మాత్రలు చేతుల్లో ఉన్నాయి. పెద్దమునియప్ప చెయ్యి ఎత్తాడు. "ఎవరూ మింగొద్దండప్పా. మందు నోట్లో వేసుకునేటప్పుడు ఒంటి తుమ్మా? సుంకమ్మా, ఇంకొకటి రానీమ్మా." సుంకమ్మ ముక్కు పైకెత్తి, నోరు తెరిచి, కళ్ళు మూసుకుని కూర్చుంది. "వచ్చినట్టే వచ్చి పోతాండాదన్నా" అంటుంది. మిగతా పదముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం, అవి లెక్కలోకి రావు. ఎవరి ఒంటి తుమ్ముకు వాళ్ళే జంట తుమ్మాలి. పుప్పొడి గదిలో ఇరవయ్యైదు నిమిషాలు కూర్చుని ఒక మనిషి తుమ్ము కోసం ఎదురుచూశాం. వచ్చాక అందరం సంతోషంగా మాత్ర మింగాం. వనజమ్మ అవతల తన కాగితాల్లోంచి అప్పుడే తలెత్తి చూసి చెయ్యి ఊపింది, మేమూ ఊపాం.

రెండో రోజు ఒంటి తుమ్ము నాది. నాకు ముప్ఫయ్యైదు నిమిషాలు పట్టింది. అందరూ నన్ను తిట్టారు.

ఇందులో అశ్రద్ధ ఏముందో నువ్వే చెప్పు. ఎవరూ తొందరపడలేదు.

సావుకారు నన్ను ప్యాకింగుకు మార్చి నెల దాటింది. మంజునాథ్ నా బల్ల దగ్గర కూర్చున్నాడు. నా ఇత్తడి గరిటె వాడి చేతిలో ఉంది. ఇక్కడి గోందు వాసన కూడా నాకు తెలియడం లేదు.

గోపాలప్ప

*

హైదరాబాదు
11 నవంబరు 1998

మామా, మామా,

ముందు పెద్ద విషయం. నువ్వంటే నాకు నామోషీ లేదు. ఎప్పుడూ లేదు. నా పేరు వాడి ఎవరినీ సిఫారసు అడగొద్దని ఆ మాట రాశాను, ఫారంలో నన్ను లేకుండా చేయమని కాదు. నా మొదటి ఫీజు ఏ చేతులతో కట్టావో నేను మర్చిపోతానా. ఆ ఒక్క వాక్యం వివరంగా రాయకపోవడం నా తప్పు. ఈ ఉత్తరం అత్తకు చదివి వినిపించి అన్నం తినిపించు.

ఇప్పుడు తుమ్ము. నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే చదివి అక్కడే కూర్చుండిపోయాను. మా లెక్క గంట మోగగానే మొదలైంది, మాత్ర మాత్రం మీరు మింగినప్పుడు మొదలైంది. ఇరవయ్యైదు నిమిషాలు, ముప్ఫయ్యైదు నిమిషాలు తీసేసి మళ్ళీ లెక్క కట్టాను. గంటకు లోపలే ఉంది, మామా. నీ ముక్కు చెప్పింది నిజం. నన్ను గుమ్మంలో నిలబెట్టిన తుమ్మే వీళ్ళ మాత్రను నిలబెట్టిందని నా బుర్రకు తట్టనే లేదు.

కానీ ఆ లెక్క చెల్లదు. అయిపోయాక మనకు నచ్చినట్టు నిమిషాలు తీసేస్తే అది పరీక్ష కాదు. అందుకే నీ ఉత్తరం తీసుకెళ్ళి డాక్టరుగారి ముందు పెట్టాను. అది మా మామ రాసిందని కూడా చెప్పాను. నువ్వు అక్కడికి వెళ్తున్నావని తెలిసిన రోజే చెప్పాల్సింది, ఆయన మందలించారు, న్యాయమే. నన్ను ఈ మాత్ర లెక్కల నుంచి తప్పించారు. నీ కార్డు కొట్టేశారు. మళ్ళీ పరీక్ష పెడితే నువ్వు అందులో కూర్చోడానికి లేదు. కోపం తెచ్చుకోకు.

మళ్ళీ పెట్టాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. డాక్టరుగారు నన్ను ఒకటే అడిగారు. "మళ్ళీ ఎవరో తుమ్ముతారు. మళ్ళీ ఆగుతారు. ఏం చేస్తారు?" మూఢనమ్మకం మానండని కాగితం అంటిస్తే మన పేటవాళ్ళు వినరని నాకు తెలుసు. వెంటనే రాయి, మామా, ఒంటి తుమ్ముకు విరుగుడు ఏమిటి?

నీ మేనకోడలు,
చైత్ర

*

కాటన్‌పేట
16 నవంబరు 1998

బంగారుతల్లి చైత్రకు,

మీ అత్త అన్నం తినింది. నేనూ తిన్నాను. నీ ఉద్యోగానికి నా వల్ల మచ్చ పడిందని రాత్రంతా బాధపడ్డాను, నువ్వు చేసింది మాత్రం సరైన పని. తూకం తప్పైతే మసాలా మొత్తం పారబోసి మళ్ళీ కలపాలి, రుచి చూసి సర్దకూడదు.

విరుగుడు అడిగావు. ఇంత చదివి ఇది తెలియదా? నీ పరీక్ష రోజు పది నిమిషాలయ్యాక రెండో తుమ్ము రాకపోతే మీ అత్త ఏం చేసింది, గుర్తు తెచ్చుకో. నిన్ను కూర్చోబెట్టి నాలుగు గుక్కలు నీళ్ళు తాగించి పంపింది. నీళ్ళు తాగితే దోషం పోతుంది. అప్పుడు మొదలుపెట్టేది కొత్త ప్రయాణం.

ఆ రోజు మా చేతుల్లో నీళ్ళ గ్లాసులు ఉండనే ఉన్నాయి. మరి ఎందుకు తాగలేదంటావా? మాత్రతోనే తాగాలి అని వనజమ్మ చెప్పింది. చెప్పినదానికి ఎదురుపోకూడదని నీళ్ళు ముట్టకుండా కూర్చున్నాం. మేం ఎంత పద్ధతిగలవాళ్ళమో చూడు.

మీ డాక్టరుగారితో ఇంతే చెప్పు. గంట కొట్టగానే ముందు ఒక గుక్క నీళ్ళు, తర్వాత మాత్ర, తర్వాత మిగతా నీళ్ళు. నర్సు మూతికి గుడ్డ కట్టుకుని లోపలే ఉండి, నోరు తెరిపించి చూసి టైము రాసుకోవాలి. ఎవరు ఎన్ని తుమ్మినా ఫరవాలేదు. నేను లోపల కూర్చోను, వ్యాను దగ్గర నిలబడి మనవాళ్ళకు చెప్పి పంపిస్తాను. పెద్దమునియప్పను ఒప్పించే పూచీ నాది.

గరిటె మాట సావుకారును అడిగాను. "నీ ముక్కు బాగైన రోజు చూద్దాం లేప్పా" అన్నాడు. ఆ రోజు వస్తుంది.

మామ

*

హైదరాబాదు
28 ఆగస్టు 2000

మామకు, అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరాల్లో రెండేళ్ళుగా ప్యాకింగు గది తప్ప ఇంకేమీ లేదు. ఈసారి నేను మంచి మాటతో మొదలుపెడతాను. మాత్ర గెలిచింది. పోయినేడు నలభై మందితో మళ్ళీ పెట్టారని నీకు తెలుసు, వ్యాను దగ్గర నిలబడింది నువ్వే. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఈ నెల నుంచి అంగళ్ళలో దొరుకుతుంది. ఈమధ్య వేరే మందు మీద పరీక్ష కాగితాలు వస్తే చూశాను, అందులోనూ ఉంది: ముందు ఒక గుక్క నీరు, తర్వాత మాత్ర. ఎందుకని ఎవరూ అడగడం లేదు. అలా చేయాలంతే అనుకుంటున్నారు.

నేను నీకు మాత్రలు పంపను. డాక్టరుకు చూపించుకుని, చీటీ రాయించుకుని కొనుక్కో. పద్ధతి పద్ధతే.

దసరా తర్వాత మంజునాథ్ కుటుంబాన్ని తెచ్చుకుని ఇక్కడే ఉండిపోతాడని అత్త రాసింది. అంటే నీకు దసరా దాకానే గడువు. భయం లేదు, మామా. నువ్వు చెప్పినట్టు, నీ ముక్కు అబద్ధం చెప్పదు.

చైత్ర

*

కాటన్‌పేట
2 అక్టోబరు 2000

చిరంజీవి చైత్రకు మామ, అత్త దీవెనలు.

నిన్న ఆదివారం. సావుకారును, మంజునాథ్‌ను కూర్చోబెట్టి, నాకు ఒక అవకాశం ఇవ్వమన్నాను. కార్ఖానా వెనక ఖాళీ సైటులో కాంగ్రెస్ గిడ నడుమెత్తు ఉంది, గాలి వీస్తోంది. ఇంతకంటే మంచి రోజు దొరకదు. తొమ్మిదికి మాత్ర వేసుకున్నాను. పది దాటాక బల్ల దగ్గరికి వెళ్ళాను. ముక్కు పొడిగా ఉంది, తల తేలికగా ఉంది, నిద్ర లేదు.

సావుకారు మంజునాథ్ కలిపిన మసాలా పళ్ళెం నా ముందుకు తోశాడు. "ఇందులో ఏముండాదో చెప్పు గోపాలప్పా, ఏం తక్కువుండాదో కూడా చెప్పు." నేను ముక్కు దగ్గరికి తీసుకోకుండానే చెప్పాను. సాంబ్రాణి ఎక్కువైంది. తుంగముస్తలు పోయినేటివి. చందనం పొడిలో మారు చెక్క పొట్టు కలిసింది, అది మంజునాథ్ తప్పు కాదు, అమ్మినవాడు మోసం చేశాడు. సావుకారు లేచి వెళ్ళి మూటలు విప్పించి చూసుకున్నాడు. తిరిగొచ్చి మంజునాథ్ వైపు చూశాడు. మంజునాథ్ మంచి మనిషి, గరిటె తుడిచి తనే సావుకారు చేతికిచ్చాడు.

సావుకారు గరిటె నాకు ఇవ్వబోతున్నాడు. నేను చెయ్యి చాచాను. అప్పుడు మంజునాథ్ ఒక్క తుమ్ము తుమ్మాడు.

సావుకారు చెయ్యి అక్కడే ఆగింది. పనివాళ్ళందరూ ఊపిరి బిగబట్టి మంజునాథ్ ముక్కు వైపే చూస్తున్నారు. రెండేళ్ళు ఎదురుచూశాను తల్లీ, ఆ రెండో తుమ్ము కోసం ఇంకొక్క నిమిషం కూడా నేను ఆగదలచుకోలేదు. "నీళ్ళు" అన్నాను. మంజునాథే చెంబు తెచ్చిచ్చాడు. ఒక గుక్క తాగి గరిటె అందుకున్నాను.

తర్వాత అతన్ని పక్కకు పిలిచి ఎన్నాళ్ళుగా తుమ్ములని అడిగాను. ఈ ఊరికి వచ్చిన రెండో ఏటి నుంచట. డాక్టరు పేరు రాసిచ్చాను. పేట పెరిగింది, సరుకు పెరిగింది, సావుకారు అతనికి రెండో బల్ల వేయిస్తానన్నాడు.

మొదటి మసాలా నిన్న మధ్యాహ్నమే కలిపాను. మరువం డబ్బా మూత తీశాను. నేను అక్టోబరులో మరువం వాసన చూసి పదకొండేళ్ళైంది. మీ అత్త అన్నం క్యారియర్ తెచ్చి, నన్ను చూసి, మాత్ర పనిచేయలేదేమో అని భయపడి తువ్వాలు అందించింది. ముక్కు కారడం లేదు శాంతా, కళ్ళు అన్నాను. ఆమె పక్కనే కూర్చుని డబ్బా తనూ వాసన చూసింది.

ఆ మసాలాతో చేసిన కట్ట నీకు పార్సెల్‌లో వస్తుంది. మీ డాక్టరుగారికి కూడా ఒకటి పెట్టాను, బొగ్గుపొడి చేతుల మామ పంపాడని చెప్పు.

కాంగ్రెస్ గిడ పూసిన కాలంలో, తన బల్ల దగ్గర కూర్చుని,
నీ మామ గోపాలప్ప